వానాకాలం నాలుగైదు నెలలు క్యారవాన్‌ను నిలిపి ఉంచాలంటే ఏమేమి చేయాలి?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం)

మాకు జీపు వెనుక తగిలించుకొని లాగే చిన్న క్యారవాన్, అంటే పరుపులు, ఫ్రిజ్, నీటి కుళాయిలు ఉన్న చక్రాల ఇల్లు, ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో అరకు, లంబసింగి వైపు తీసుకువెళ్తాం. మిగతా కాలమంతా ఇంటి పక్క ఖాళీ స్థలంలోనే ఉంటుంది. ఈ జూన్‌లో మిన్నెసోటాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లి, దీపావళి దాటాక వస్తాం. అక్కడ చలికాలానికి ముందు ఇలాంటి బండ్ల నీటి పైపుల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా కాపాడే ద్రవం) ఎక్కించి మూసి పెడతారని, మనమూ అలాగే చేయాలని అబ్బాయి అంటున్నాడు. నేను మాత్రం హ్యాండ్ బ్రేకు వేసి, టార్పాలిన్ కప్పి, తాళం పెడితే చాలనుకున్నాను. అయితే కిందటేడు రెండు నెలలు అలాగే వదిలి, వచ్చి తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన వచ్చింది, పరుపుల అడుగున నల్లటి బూజు చుక్కలు కనిపించాయి. అనుభవమున్నవారు దయచేసి సలహా చెప్పగలరు.

జవాబు (సాగర్‌నగర్)

అయ్యా, మీ అబ్బాయి చెప్పినది అక్కడికి సరైన మాటే. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బి పైపులను, గీజరును పగలగొడుతుంది కనుక, నీళ్లన్నీ దించేసి ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవాన్ని ఎక్కిస్తారు. కార్ల రేడియేటర్లలో సాధారణంగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం. దానిని తాగునీటి పైపుల్లో ఎన్నడూ పోయకూడదు. విశాఖలో నీరు గడ్డకట్టదు కనుక మీకు ఆ ఖర్చు అక్కరలేదు గాని, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, కుళాయిలన్నీ తెరిచి ఆరబెట్టడం మాత్రం తప్పనిసరి. నిలిచిన నీరు ఉంటే దోమలకు అదే ఇల్లు.

మన బండ్లను తినేది ఉప్పుగాలి. వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీలో నీరు దిగడం మీరు చూసే ఉంటారు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకొని కరుగుతుంది; బండి ఛాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) మీద పేరుకున్న ఉప్పు కూడా అంతే, వాన పడని రోజున సైతం ఇనుమును తడిగానే ఉంచి తుప్పు పట్టిస్తుంది. అందుచేత బయలుదేరడానికి వారం ముందే అడుగుభాగమంతా మంచినీటితో కడిగి, బాగా ఎండనిచ్చి, ఆ తరువాతే గ్రీజు పూయించండి. తీరానికి దగ్గరగా ఉన్న బోరు నీటిని ముందు నాలుక మీద వేసుకొని చూడండి, ఉప్పగా ఉంటే దానితో కడగవద్దు.

టార్పాలిన్ లోపలి తేమను బయటకు పోనివ్వదు. మీ పరుపులకు బూజు పట్టడానికి అదీ ఒక కారణమే అయి ఉంటుంది. పరుపులను ఇంట్లోకి తెచ్చి నిలువుగా ఆనించి పెట్టండి. ఫ్రిజ్ తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి.

జవాబు (గాజువాక)

ట్రైలర్ల బ్రేకు పని చేసేవాడిగా ఒక్క మాట విన్నవించుకుంటాను. దయచేసి హ్యాండ్ బ్రేకు వేసి వెళ్లవద్దు. చెమ్మకు బ్రేకు షూ (చక్రాన్ని ఆపడానికి ఒత్తుకొనే భాగం) చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోతుంది. నెలల తరువాత లాగితే చక్రం తిరగక ఈడ్చుకువస్తుంది, ఒక్కొక్కసారి షూ మీది లైనింగే ఊడి డ్రమ్ములో ఉండిపోతుంది. చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మలు పెట్టి బ్రేకు వదిలేయండి. బ్యాటరీని నిండుగా ఛార్జి చేసి నెగెటివ్ టెర్మినల్ విప్పండి. నెలకొకసారి ఎవరైనా చూసి 12.4 వోల్టుల కంటే తగ్గితే మళ్లీ ఛార్జి పెట్టాలి. గ్యాసు సిలిండరును బండిలో ఉంచకూడదు.

జవాబు (పెందుర్తి)

మీరు లేని కాలంలో అక్టోబరు కూడా ఉంది కనుక తుపాను సంగతి మరవవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో చెట్ల కిందనున్న వాహనాలు కొమ్మలు విరిగిపడి నుజ్జయ్యాయి. క్యారవాన్ ఎత్తుగా, తేలికగా ఉంటుంది కనుక గాలి దానిని సులువుగా పడదోస్తుంది. వీలైతే ఊరి లోపలి వైపు గట్టి షెడ్డులో పెట్టించండి. వీలుకాకపోతే చెట్లకు దూరంగా నిలిపి, ఛాసిస్‌ను గొలుసులతో నేలలో కాంక్రీటు వేసిన కొక్కేలకు కట్టించండి. తాళ్లను బండి గోడల మీదుగా వేస్తే రేకు నొక్కుకుపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా బోరు నీరు నిజంగానే ఉప్పగా ఉంది. మున్సిపల్ నీటితోనే కడిగిస్తాను. మేడ మీద అద్దెకున్నవారు వాన లేని రోజున కిటికీలు తెరవడానికి, నెలకొకసారి బ్యాటరీ చూడడానికి ఒప్పుకున్నారు. కొక్కేల కోసం రేపు మేస్త్రీ వచ్చి స్థలం చూస్తాడు.