మైపాడు సముద్రంలో సిమెంటు దిమ్మెలు వేస్తే పగడాలు పెరుగుతాయా?

ఉప్పుగాలి_నెల్లూరు (ప్రశ్న):
మైపాడుకు ఎదురుగా సముద్రంలో సిమెంటు దిమ్మెలు దించి కృత్రిమ దిబ్బలు కట్టాలనే మాట నడుస్తోంది. నాలుగేళ్లలో రామేశ్వరంలాగా పగడాలు వచ్చేస్తాయని కొందరు, మన బురదలో ఏమీ రాదని కొందరు. మన నీళ్లూ వెచ్చనివే, రామేశ్వరమూ తూర్పు తీరమే. మరి ఇక్కడి నుంచి కొత్తపట్నం దాకా ఒక్క పగడపు దిబ్బ కూడా ఎందుకు లేదు? ఒడ్డుకు కొట్టుకొచ్చే సున్నపు గడ్డలు పగడాలు కావా? డబ్బు పెట్టకముందే కొలిచి చూసుకునే దారి ఏదైనా ఉందా?

పోటూపాటూ:
వెచ్చదనం ఒక్కటే చాలదు అన్నా. దిబ్బ కట్టే పగడానికి 23 నుంచి 29 డిగ్రీల వేడి హాయి. ఆ సబ్జెక్టులో మనం పాసే. తప్పేది వెలుతురులో, ఉప్పులో, అడుగు నేలలో.

పగడం ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. ఎండ తగిలితే అది వండిపెట్టే తిండితోనే పగడం ఎముక కట్టుకుంటుంది. నీళ్లు బురదగా ఉంటే ఆ పొయ్యి ఆరిపోయినట్టే. పైగా ఒండ్రు మీద పడుతుంటే దాన్ని జిగురుతో తోసుకోవడానికే ఉన్న ఓపికంతా అయిపోతుంది.

ఉప్పు సంగతి ఇంకా ముఖ్యం. పగడానికి 32 పీపీటీకి, అంటే వెయ్యి పాళ్ల నీళ్లలో 32 పాళ్ల ఉప్పుకు, పైన ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. గంగా బ్రహ్మపుత్రలు మొదలుకుని గోదావరి, కృష్ణల దాకా పోసిన వాననీళ్లు దాంతోపాటే మన వైపు దిగుతాయి. సరిగ్గా అప్పుడే మనకు వాయుగుండాలు, పెన్నకు వరదలు. 2021 నవంబరు నాటిలాంటి వరద వస్తే పెన్న కలిసే ఊటుకూరు మొగ ముందు సముద్రం రోజుల తరబడి ఎర్రగానే ఉంటుంది. పదకొండు నెలలు బాగుండి ఒక్క నెల చెడినా పగడానికి అంతే సంగతులు.

ఇక మూడోది, మన అడుగంతా ఇసుక, బురద. పగడం పిల్ల అతుక్కోవడానికి గట్టి రాయి కావాలి. సిమెంటు దిమ్మె తీర్చేది ఈ ఒక్క లోటునే.

రామేశ్వరం, తూత్తుకుడి మధ్య 21 దీవుల చుట్టూ దిబ్బలున్నాయి. ఆ వరుసకు ఎదురుగా ఏడాది పొడవునా ఒండ్రు పోసే పెద్ద నది లేదు. వైగై సముద్రం మొహం చూడటమే అరుదు. అక్కడి గండం వేరు, ఎండాకాలపు వేడి. మామూలుగా అత్యంత వేడిగా ఉండే నెల సగటుకు ఒక్క డిగ్రీ పైన నాలుగు వారాలు నిలిస్తే పగడం ఆ నాచును బయటికి తోసేసి పాలిపోతుంది. 2010లో, 2016లో అక్కడ జరిగింది ఇదే.

తాడూముడీ:
కొలవడం కష్టమేమీ కాదు, మూడు పనులు.

వెలుతురు: 30 సెంటీమీటర్ల గుండ్రటి రేకును నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి వేయండి. కింద బరువు, పైన తాడు. తాడును ముందు నానబెట్టి ఆ తర్వాతే ప్రతి 10 సెంటీమీటర్లకూ ముడి వేయండి, లేకపోతే తడిసాక సాగో కుంచించుకుపోయో లెక్క తప్పుతుంది. ఎండ నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు పడవ నీడ పడే వైపు దించండి. రేకు మాయమైన లోతు, పైకి లాగేటప్పుడు మళ్లీ కనపడిన లోతు, ఈ రెండింటి సగటు తీసుకోండి. దాన్ని 2.7తో హెచ్చిస్తే వెలుతురు నూటికి ఒక వంతుకు పడిపోయే లోతు సుమారుగా తెలుస్తుంది. రేకు మీటరున్నరకే మాయమైతే నాలుగు మీటర్ల కింద చీకటే. పది మీటర్ల లోతులో దిమ్మె దించి పగడం కోసం ఎదురుచూడటం దండగ.

ఉప్పు: రొయ్యల గుంటల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరే చాలు. డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకు సరిచేసుకుని చూడండి. అందరూ చేసే తప్పు పైనీళ్లు మాత్రమే ముంచుకోవడం. వాననీళ్లు తేలిక, పైన తేలతాయి. పైన 26, అడుగున 33 కూడా ఉండొచ్చు. బరువు కట్టిన సీసాకు బిరడా పెట్టి, అడుగుకు చేరాక బిరడాను దారంతో లాగితే అడుగు నీళ్లు దొరుకుతాయి.

ఒండ్రు: లోపలి వ్యాసం 5, పొడవు 30 సెంటీమీటర్లున్న పీవీసీ గొట్టం అడుగు మూసి, అడుగు నేలకు అర మీటరు పైన నిలువుగా కట్టండి. మరీ కిందికి కడితే అలకు లేచిన పాత బురదే మళ్లీ మళ్లీ పడి లెక్క పెరుగుతుంది. ఏడు రోజులకు తీసి, పడ్డదాన్ని వడపోత కాగితం మీద మంచినీళ్లతో కడిగి, బరువు ఇక తగ్గదనేదాకా ఆరబెట్టి తూచండి. కడక్కపోతే ఉప్పును కూడా తూచినట్టే. గొట్టం నోరు 19.6 చదరపు సెంటీమీటర్లు. 4 గ్రాములు వచ్చిందనుకోండి, 4000ను 19.6తో, ఆపైన 7తో భాగిస్తే రోజుకు చదరపు సెంటీమీటరుకు 29 మిల్లీగ్రాములు. 10 దాటితేనే చాలా పగడాలకు ఇబ్బంది.

గవ్వలబుట్ట:
ఒడ్డున దొరికే గడ్డల సంగతి. చాలావరకు గొట్టపు పురుగుల గూళ్లు, బార్నకిల్స్ (రాళ్లకు, పడవ అడుగుకు అతుక్కునే గట్టి పెంకు జీవాలు), ఆలిచిప్పల ముద్దలు. నిమ్మరసం పోసి బుసబుసమంటే పగడం అనుకోకండి, అన్నీ సున్నమే కాబట్టి అన్నీ పొంగుతాయి. భూతద్దంతో రంధ్రంలోకి చూడండి. నడిమికి చక్రం ఆకుల్లా పలచటి గోడలు కనపడితే పగడం. నున్నటి బోలు గొట్టమైతే పురుగు గూడు. నిజంగా రాతిపగడమే అయితే ఇంటికి తెచ్చుకోవద్దు, వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది.

ఉప్పుగాలి_నెల్లూరు:
అయితే దిమ్మెలు దండగేనా?

పోటూపాటూ:
పగడానికైతే దండగ, చేపకు కాదు. ముందు బార్నకిల్స్, తర్వాత ఆలిచిప్పలు, ఆకుపచ్చ మస్సెల్స్ పట్టుకుంటాయి, వాటి చుట్టూ చిన్న చేప, దాని వెంట పార చేపలు వస్తాయి. అడుగు గట్టిదో కాదో చూడకుండా దించడమే అసలు తప్పు. ఇనుప కడ్డీ గుచ్చి చూడండి, సులువుగా దిగిపోతే ఆ చోటు వదిలేయండి, దిమ్మె కూడా అలాగే దిగిపోతుంది. ఇసుక అయినా ప్రవాహం దిమ్మె మొదట్లో గుంట తవ్వుతుంది కాబట్టి అడుగు వెడల్పుగా ఉండే అచ్చు మేలు. పోసిన వెంటనే దించకండి, పచ్చి సిమెంటు నుంచి సున్నం ఊరుతుంటే జీవాలు ఆలస్యంగా పడతాయి.

నన్నడిగితే అందులో కొంత సొమ్ము కృష్ణపట్నం వైపు కండలేరు ఉప్పుటేటి మడ అడవికి పెట్టాలి. రొయ్య పిల్ల, పీత పెరిగేది అక్కడే. అక్కడ కూడా మొక్క కంటే ముందు నీళ్లు చూడాలి. గట్లు అడ్డుపడి పోటునీళ్లు పల్లంలో నిలిచి ఎండితే నేలలో ఉప్పు పేరుకుని తెల్ల మడ చెట్టు కూడా చస్తుంది. చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలు తీస్తే పోటుకు వచ్చిన నీళ్లు పాటుకు వెళ్లిపోతాయి.

తాడూముడీ:
ఇంకొక్క మాట. మే నెలలో కొలిచి నీళ్లు తేటగా ఉన్నాయని నివేదిక రాసేస్తారు. నవంబరులో, వాయుగుండం దాటిన వారంలో ఒకసారి కొలవండి. సముద్రం పూర్తిగా తగ్గాకే పడవ దించండి.