పాత లేత్‌కి పెయింట్: పెచ్చులు మళ్లీ లేవకుండా ఎలా?

ప్రశ్న (పీణ్య, బెంగళూరు):
షాపులో పాత హెచ్‌ఎంటీ సెంటర్ లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మెషిన్) ఉంది. పనితనం బాగుంది, ఒళ్లే పాడైంది. హెడ్‌స్టాక్ కింద, చిప్ ట్రే చుట్టూ పెయింట్ పెచ్చులుగా లేస్తోంది. పెచ్చు కింద బూడిదరంగు పుట్టీ, దాని కింద నూనె తడి. పైన కొట్టిన సింథటిక్ ఎనామిల్ కూలెంట్ (కోసేటప్పుడు వేడి తగ్గించే ద్రవం) పడే చోట గోటితో గీరినా వచ్చేస్తోంది. ఈసారి పూర్తిగా దింపి కొట్టాలి. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రేణువులు, అంటే గ్రిట్, కొట్టి పెయింట్ తీయడం) చేయించొచ్చా? పీయూ (పాలీయురేథేన్ పెయింట్) వేయాలా, ఎనామిల్ చాలా?

జవాబు:
మెషిన్ ముక్కముక్కలుగా విప్పకుండా బ్లాస్టింగ్ మాత్రం వద్దండి. గ్రిట్ బెడ్ వైపర్ల కింద, బేరింగుల్లో దూరితే స్లైడ్‌వేలు (క్యారేజ్ జారే పట్టాలు) అరిగిపోతాయి. స్క్రేపర్, పెయింట్ రిమూవర్, వైర్ బ్రష్ చాలు. ఆ స్లైడ్‌వేల మీద ఎమరీ పేపర్ పెట్టొద్దు.

అసలు జబ్బు నూనె. గీకడానికి ముందే కడగాలి, లేకపోతే ఎమరీ ఆ జిడ్డును ఇనుములోకి రుద్దేస్తుంది. మడ్డి కిరోసిన్‌తో పోతుంది గానీ కిరోసిన్‌తోనే ఆపేస్తే సన్నటి జిడ్డు పొర మిగులుతుంది. తర్వాత ఆల్కలీ డీగ్రీజర్ (జిడ్డు తీసే క్షార ద్రవం), వేడినీళ్లు, వెంటనే ఆరబెట్టడం. చివర తిన్నర్: ఒక తెల్ల గుడ్డతో తడిపి, అది ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో తుడవండి. ఆరాక నీళ్లు చిలకరించండి. పలుచగా పరుచుకుంటే శుభ్రం, ముత్యాల్లా నిలిస్తే ఇంకా జిడ్డుంది. పాత క్యాస్టింగ్ నూనె పీల్చుకుని ఉంటుంది. హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేస్తే బయటికి ఊరుతుంది, తుడిచి మర్నాడు మళ్లీ చూడండి.

శుభ్రమయ్యాక రెండు డబ్బాల (బేస్, హార్డెనర్ కలిపి వాడే) ఎపాక్సీ ప్రైమర్, ఆరాక సుమారు 50 మైక్రాన్లు ఉండేలా. గుంటలకు ప్రైమర్ మీదే పాలియెస్టర్ పుట్టీ, ఒక్కో పూత 2 మిల్లీమీటర్లు దాటకుండా. పుట్టీ బరువులో 2 శాతం హార్డెనర్ కలపాలి. ఎక్కువైతే కలుపుతుండగానే గట్టిపడుతుంది, తర్వాత పై రంగులోకి మరక కూడా ఎక్కుతుంది. తర్వాత వరసగా 80, 180, 320 నంబర్ ఎమరీ, ఇంకో పలుచటి ప్రైమర్, దానిపై పీయూ రెండు కోట్లు.

ఇంకో జవాబు:
పై మాటలన్నీ నిజమే, పీయూ విషయంలో మాత్రం ఒక మాట. స్ప్రే చేస్తే హార్డెనర్‌లోని ఐసోసైనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. బట్ట మాస్కు ఆపలేదు. ఆర్గానిక్ వేపర్ రెస్పిరేటర్ (రసాయన ఆవిరిని వడకట్టే మాస్కు) ఉన్నా, చుట్టూ మనుషులున్న షాపులో బ్రష్, రోలరే మేలు. నీళ్లలో కలిపే కూలెంట్ వాడని లేత్‌కి మంచి ఎనామిల్ బాగానే నిలుస్తుంది, మచ్చ పడితే సరిచేయడమూ తేలిక. మీకు కూలెంట్ ఉంది కాబట్టి పీయూకే నా ఓటు. కానీ పాత ఎనామిల్ మీద కొట్టకండి. ఘాటు తిన్నర్ కింది పొరను ఉబ్బించి ముడతలు తెస్తుంది.

వానాకాలంలో బెంగళూరు గాలి తడిని తేలిగ్గా తీసుకోవద్దు. తేమ 85 శాతం దాటితే పీయూకి బుడగలు, ఎపాక్సీ మీద జిగురు పొర వస్తాయి. పొద్దున్నే అంత బరువున్న ఇనుము గాలికంటే చల్లగా ఉండి చెమర్చుతుంది. పదకొండు దాటాక మొదలుపెట్టండి.

మరో జవాబు:
పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దితే ధూళి ఊపిరిలోకి, బట్టల్తో ఇంటికి పోతుంది. తడి ఎమరీయే వాడండి, ఆ బురదను కాలవలో పోయకుండా విడిగా సంచిలో కట్టేయండి.

నేమ్‌ప్లేట్, ఆయిల్ నిపుల్స్, సైట్ గ్లాస్ (నూనె మట్టం చూసే గాజు) ముందే మాస్క్ చేయాలి. టేపును వారాల తరబడి స్లైడ్‌వేల మీద ఉంచితే దాని కింద చెమ్మ చేరి తుప్పు పడుతుంది. ఆయిల్ రాసి పాలిథీన్ కప్పడం నయం, ఆ నూనె చెయ్యి పెయింట్ చేసే చోట తగలకుండా చూసుకోవాలి. రెండు క్యాస్టింగులు కలిసే గీతపై పెయింట్ పేరుకుంటే బ్లేడుతో కోసెయ్యండి. లేదంటే తర్వాత విప్పినప్పుడు ఆ అంచు దగ్గర్నుంచే పెచ్చు లేస్తుంది.

గేర్‌బాక్స్ లోపలి పాత పూత గట్టిగా ఉంటే ముట్టుకోవద్దు. గీకిన ముక్కలు ఆయిల్ పంపు స్ట్రెయినర్‌కి అడ్డుపడతాయి. పని ముగిశాక వారం రోజుల వరకు కూలెంట్ వేయకండి.