‘లంఖణం పరమౌషధం’: ఏ లంఖణం, ఎవరికి?

ప్రశ్న: కోనసీమ లంక గ్రామాల ఆశా కార్యకర్తల కోసం నీళ్ళ విరేచనాల మీద కరపత్రం తయారవుతోంది. ‘పిల్లలకు తిండి ఆపొద్దు’ అని రాస్తే ఇంట్లో పెద్దవాళ్ళు ‘లంకణం పరమౌషధం’ అని అడ్డుపడతారు. ఆ మాట అసలు ఏం చెబుతోంది? లంకకీ లంకణానికీ చుట్టరికం ఉందా?

జవాబు: లేదండి. లంక అంటే ఏటి పాయల నడుమ తేలిన నేల. లంఖణం సంస్కృత లంఘనం. ‘లఘి’ ధాతువుకు దాటడం, భోజనం మానడం రెండూ అర్థాలే. సముద్ర లంఘనం, ఉల్లంఘన మొదటి అర్థంలోవి, మన లంఖణం రెండో అర్థంలోది. వాడుకలో ఒత్తు కూడా పోయి లంకణమైంది.

జవాబు: ఆయుర్వేదంలో దీని పరిధి ఇంకా పెద్దది. ఒంటికి లాఘవం, అంటే తేలికదనం తెచ్చేదంతా లంఘనమే. పది విధాలు చెప్పారు. వ్యాయామం, ఎండ, గాలి కూడా అందులో ఉన్నాయి, ఉపవాసం పదింట ఒకటి మాత్రమే. చిక్కిపోయినవాళ్ళకు చెప్పింది దీనికి ఎదురైన బృంహణం, పుష్టినిచ్చే చికిత్స. సామెత నిలిచింది, ఎవరికన్న షరతు రాలిపోయింది. పెద్దవాళ్ళతో వాదించకుండా ఈ ముక్క చెప్పండి, వింటారు.

జవాబు: వైద్యం వైపు నుంచి. విరేచనాల్లో బిడ్డ కోల్పోయేది నీరు, ఉప్పు. పేగు గోడ సోడియాన్నీ గ్లూకోజునీ జంటగా లాగుతుంది, వాటి వెంట నీరు వెళ్తుంది. ఓఆర్ఎస్ (నీళ్ళలో కలిపి పట్టే ఉప్పు, గ్లూకోజుల పొడి) పనిచేసేది అందుకే, కొలత తప్పకూడనిదీ అందుకే. 20.5 గ్రాముల పొట్లం సరిగ్గా లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. నీళ్ళు తగ్గితే ఉప్పు ఎక్కువై ప్రమాదం, పెరిగితే పలచబడి చాలదు. చిన్న పొట్లాలూ ఉన్నాయి, వాటికి 200 మి.లీ. కరపత్రంలో ‘గ్లాసు’ అని రాయకండి, ఒక్కో ఇంట గ్లాసు ఒక్కో సైజు. లీటరు సీసా అనండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ళలోపు వాళ్ళకు 50–100 మి.లీ., ఆపైన పదేళ్ళ దాకా 100–200 మి.లీ. వాంతైతే పది నిమిషాలు ఆగి చెంచాతో నెమ్మదిగా పట్టాలి. జింకు 14 రోజులు: రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకు రోజుకు 10 మి.గ్రా., ఆపైన ఐదేళ్ళ దాకా 20. విరేచనాలు కట్టుకోగానే జింకు ఆపేయడం ఎక్కువగా జరిగే తప్పు.

ప్రశ్న: కొబ్బరినీళ్ళు?

జవాబు: ఒంట్లో నీరు ఇంకా తగ్గని పెద్ద పిల్లలకు పట్టొచ్చు. సోడియం తక్కువ కాబట్టి ఓఆర్ఎస్‌కు బదులు కాదు. ఉప్పేసిన గంజి, మజ్జిగ నయం. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు, ఓఆర్ఎస్, జింకు తప్ప ఇవేవీ వద్దు.

జవాబు: ‘ద్రవాహారం కొనసాగించండి’ అని మాత్రం రాయకండి, ఆ మాట ఏ వంటింట్లోనూ లేదు. ఇక్కడ నా సూచన: ‘కడుపు మాడ్చకండి. పాలు మాన్పించకండి. అన్నం తినే బిడ్డకు మెత్తగా కలిపి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. మలంలో రక్తం కనిపించినా, బిడ్డ తాగలేకపోయినా, మగతగా ఉన్నా, కళ్ళు గుంటలు పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, దారిలో ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి.’

ప్రశ్న: మగతలో ఉన్న బిడ్డకు కూడా పట్టాలా?

జవాబు: మింగగలిగితేనే. ఆ మాట చేర్చాల్సిందే.