పొత్తుల బోరుకు తాళం వేశారు, ఏం చేయాలి?

జనగామ_పోరడు:
అందరికీ నమస్తే. మాది జనగామ జిల్లా. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తా, ఊర్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. కొంచెం పెద్ద కథ, ఓపిక చేసుకుని చదవండి.

తాత భూమి ఆరెకరాలు. 1998లో తాత పోయాక మా బాపు, చిన్నాయన చెరి మూడెకరాలు పంచుకున్నారు. పెద్దమనుషుల ముందు తెల్ల కాగితం మీద రాసుకున్నదే, రిజిస్ట్రేషన్ లేదు, కానీ అప్పటి నుంచి పాసుబుక్కులు వేరువేరు. 2009లో పాత బావి ఎండిపోతే ఇద్దరూ సగం సగం పెట్టుకుని బోరు వేశారు. పాయింట్ చూసినాయన చిన్నాయన చెలకలో చూపించాడు కాబట్టి బోరు అటు పడింది, కరెంటు సర్వీసు కూడా ఆయన పేరు మీదే తీసుకున్నారు. అప్పుడు అదొక విషయమే కాదు. ఒకరోజు వాళ్లు పారబెట్టుకునేది, ఒకరోజు మేము. బాపు ఉన్నన్నాళ్లు ఒక్క మాట తేడా రాలేదు.

బాపు పోయి రెండేళ్లు. విరాసత్ చేయించి పట్టా అమ్మ పేరు మీదకి మార్చాం. పోయిన ఏడు తమ్ముడు (చిన్నాయన కొడుకు) వాళ్ల మూడెకరాల్లో ఆయిల్‌పామ్ పెట్టాడు. ఈ యాసంగిలో స్టార్టర్ డబ్బాకు తాళం పడింది. అడిగితే బోరు మా భూమిలో ఉంది, సర్వీసు మా పేరు మీద ఉంది, మా తోటకే సరిపోతలేవు, మీరు వేరే వేసుకోండి అంటాడు. వేసుకున్నాం కూడా! జనవరిలో 420 అడుగులు పోయినా దుమ్ము తప్ప ఏం రాలేదు, డెబ్బై వేలు మట్టిలో కలిశాయి. ఎకరంన్నర వరి పొట్టకొచ్చే టైములో మడి నెర్రెలు బారింది, అందులో అర ఎకరం పోయినట్టే.

అమ్మ పోలీస్ స్టేషన్ మాట ఎత్తనివ్వదు. రేపు నేను చస్తే ముందు వచ్చేది వాళ్లేరా అంటుంది. నాకేమో టెన్షన్‌తో ఆఫీసులో పని సాగట్లేదు. తాళం పగలగొట్టాలా, కోర్టుకు పోవాలా? ఇన్నేళ్లు వాడుకున్నాం కదా, మాకు హక్కు రాదా?

సూర్యాపేట రైతు:
తాళం మాత్రం ముట్టుకోకు తమ్మీ. ముట్టుకున్న రోజు నుంచి తప్పు నీదైపోతుంది, ముందు జరిగింది ఎవరూ అడగరు.

మోట బావుల కాలంలో ఒక్క బావిలో నలుగురైదుగురికి పొత్తు ఉండేది. ఎవరి వంతు ఎన్ని రోజులో ఊరందరికీ నోటికి వచ్చు, భూమి అమ్మితే కాగితంలో బావి పొత్తు కూడా రాసేవాళ్లు. బోర్లు వచ్చాక ఆ అలవాటు పోయింది, అన్నదమ్ములమే కదా కాగితం ఎందుకు అనుకున్నాం. ఇంకోటి, కరెంటు గంటల లెక్కన వచ్చినప్పుడు ఒక రకంగా కరెంటే వంతు పెట్టేది, అది పోతే మోటారు ఆగేది, మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకునేది. 2018 జనవరి నుంచి 24 గంటలు వస్తోంది, ఆటో స్టార్టర్ పెట్టి పోతే ఆపేవాడే లేడు. మా ఊర్లో బోర్ల కొట్లాటలు ఎక్కువైంది ఆ తర్వాతే.

ఒక మాట అంటా, కోపం తెచ్చుకోకు. నీళ్లు ఎక్కువ తాగేది వాళ్ల తోట కాదు, నీ వరి. ఆయిల్‌పామ్ ఎకరాకు 57 మొక్కలు, అవీ డ్రిప్ మీద, ఏడాది మొక్కలకు రోజూ కొద్దిసేపు వదిలితే చాలు. తోటకే సరిపోవన్నది ఉత్త మాట. కానీ ఆ బోరు సంగతి తెలిసీ యాసంగిలో ఎకరంన్నర నాటేయడం నీ తప్పు.

పాత వకీలు:
ఇన్నేళ్లు వాడుకున్నాం అనే దాని మీద ఆశ పెట్టుకోకండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (పక్కవాళ్ల భూమిలో దారి, నీళ్ల లాంటివి వాడుకునే హక్కుల చట్టం) 15వ సెక్షన్ ప్రకారం అలా హక్కు రావాలంటే 20 ఏళ్లు అడ్డు లేకుండా వాడి ఉండాలి. మీ బోరుకే అన్నేళ్లు లేవు. పంపకం అప్పుడు ఒకరి భాగానికి తప్పనిసరైన నీరు ఇంకొకరి భాగంలో ఉంటే 13వ సెక్షన్ పనికొస్తుంది, కానీ 1998లో ఈ బోరే లేదు కదా.

మీకు బలం ఇంకో చోట ఉంది. బోరు ఇద్దరి డబ్బుతో వేశారు. అంటే మీరు వాళ్ల దయ మీద నీళ్లు తీసుకున్నవాళ్లు కాదు, బోరులో భాగస్తులు. సర్వీసు ఎవరి పేరు మీద ఉంటే బోరు వాళ్లదే అని ఎక్కడా లేదు. కాబట్టి ఆ సగం డబ్బు పెట్టారని చూపించాలి. బోరు బండి వాడి బిల్లు, మోటారు కొన్న రసీదు, వైండింగ్ చేయించిన చీటీలు, బాపు రాసుకున్న లెక్కల పుస్తకం, ఏది దొరికితే అది వెతకండి. అప్పుడు దగ్గర ఉన్న పెద్దమనుషులు బతికి ఉంటే వాళ్ల మాట చాలా విలువైనది.

పంటకు వచ్చే నీళ్లు అన్యాయంగా ఆపితే క్రిమినల్ కేసు కూడా అవుతుంది, పాత ఐపీసీ 430వ సెక్షన్, ఇప్పుడు దాని చోట వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 326. తెలిసి ఉండండి, వాడకండి. అది పెట్టిన రోజు మాటలు బంద్.

బోరు అవతలి మనిషి:
నేను మీ తమ్ముడి లాంటోణ్ని. మా చేన్లో బోరు, మా పెదనాన్న కొడుకులు ఇద్దరూ సిటీలో. మోటారు కాలితే రాత్రి పదకొండింటికి పైపులు గుంజింది నేను. కేబుల్ దొంగలు కోసుకుపోతే కొన్నది నేను. ఫోన్ చేస్తే 'నువ్వు పెట్టు తర్వాత చూద్దాం' అంటారు, ఆ తర్వాత అనేది ఇప్పటిదాకా రాలేదు. దసరాకు కారులో వచ్చి మా వంతు ఏది అంటే మంట పుట్టదా? తాళం వేయడం తప్పే, కాదనను. కానీ గత ఐదారేళ్లలో రిపేర్లకు మీ ఇంటి నుంచి ఎంత పోయిందో ముందు అమ్మని అడగండి.

నిర్మల:
ఇంత చదివాను, ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నా. మీకు మేనత్త లేదా? 1998 కాగితంలో ఆమె సంతకం ఉందా?

జనగామ_పోరడు:
ఉంది అక్కా, ఒక మేనత్త, వరంగల్‌లో ఉంటుంది. సంతకం లేదు. అప్పుడు ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఏమీ అనలేదు. రిపేర్ల సంగతి అమ్మని అడిగాను. బాపు పోయాక మనం ఏం ఇవ్వలేదు బిడ్డా అంది. అది నాకు నిజంగా తెలియదు.

పాత వకీలు:
నిర్మల గారు అసలైన చోట పట్టుకున్నారు. తాత స్వార్జితమైతే కొడుకులతో పాటు కూతురికీ సమాన వాటా, అది 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. పిత్రార్జితమైతే ఆ చట్టానికి వచ్చిన 2005 సవరణ కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది, 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. నోటి మాట పంపకాలను మామూలుగా ఒప్పుకోరు, పాసుబుక్కుల లాంటి ప్రభుత్వ రికార్డు దానికి తోడుగా ఉంటే తప్ప. మీకు ఆ రికార్డు ఉంది కాబట్టి కొంత నయం, కానీ గ్యారంటీ కాదు. మీరు బోరు కోసం దావా వేస్తే అవతలి వకీలు మొదటి వాయిదాకే 1998 పంపకాన్ని లాగుతాడు, మేనత్తను పార్టీ చేయాల్సి వస్తుంది, అప్పుడు రెండు ఇంచుల నీళ్ల గొడవ ఆరెకరాల పంపకం దావా అవుతుంది. మీ చిన్నాయనకు కూడా ఇదే భయం ఉండాలి. ఈ మాట బెదిరింపులా కాకుండా ఆయన చెవిన వేయండి.

ఒప్పందం కుదిరితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో రాయించుకోండి. కేసు వేయకముందే పోవచ్చు, కోర్టు ఫీజు లేదు, అక్కడ ఇచ్చే అవార్డు, అంటే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. తెల్ల కాగితాల అనుభవం మీకు ఒకసారి చాలు కదా.

నిర్మల:
మేనత్త దగ్గరికి సంతకం కోసం మాత్రమే పోకండి. నేనూ ఒక మేనత్తనే. మా అన్న కొడుకు ఇరవై ఏళ్లలో మొదటిసారి మా ఇంటికి వచ్చింది కాగితం పట్టుకునే. సంతకం పెట్టాను, కానీ ఆ రోజు అన్నం సయించలేదు.

జనగామ_పోరడు:
పది రోజుల తర్వాత రాస్తున్నా. ముందు వరంగల్ పోయాను, కాగితం లేకుండానే. అత్త అంతా విని నన్ను తిట్టి, మరుసటి రోజు తానే బస్సెక్కి ఊరికి వచ్చింది. చిన్నాయన ఇంటి ముందు మంచం వేసుకుని కూర్చుంది, 'నా వాటా నేను అడగలే, మీరిద్దరూ నీళ్లకు కొట్టుకుంటే అడుగుతా' అంది. అంతే.

తమ్ముడు నోట్‌బుక్ తెచ్చాడు. మోటారు, కేబుల్, రెండుసార్లు వైండింగ్, మా సగం 23,400 తేలింది. ఇచ్చేశాను. తాళం ఉంటుంది, కానీ చెవి రెండు ఇళ్లలో. పొద్దున వాళ్ల డ్రిప్, సాయంత్రం నుంచి తెల్లారేదాకా మాకు. వచ్చే యాసంగికి వరి అర ఎకరమే వేస్తాం, మిగతాది మక్క. లోక్ అదాలత్‌కు చిన్నాయన ఇంకా సరే అనలేదు, 'ఇంటి మాట కోర్టుకు ఎందుకు' అంటున్నాడు. తమ్ముడే నచ్చజెప్తా అన్నాడు. కాగితంలో ఏమేం రాయించాలి?

సూర్యాపేట రైతు:
వంతు గంటలు, రిపేరు సగం సగం, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, పైపులైను వాళ్ల చేను మీదుగా పోయే జాగా. అన్నింటికంటే ముందు, ఈ బోరు ఎండిపోతే కొత్తది ఎవరి చేన్లో పడ్డా ఇద్దరికీ పొత్తే అని రాయించు. ఎవరో ఒకరు భూమి అమ్మితే కొన్నవాడికి కూడా ఇదే వర్తిస్తుందని ఇంకో లైను. మక్కకు అడవి పందులు వస్తాయి, మీ వైపు ఉన్నాయా?

జనగామ_పోరడు:
ఉన్నాయి అన్నా. దానికి వేరే థ్రెడ్ పెడతా.