పీపీ (పాలీప్రొపిలిన్ ప్లాస్టిక్)లో 30 శాతం రీసైకిల్డ్ కలిపితే లాట్‌కో రకంగా వస్తోంది, ఎక్కడ సరిచేయాలి?

పెట్టెల_మోల్డర్:
పనిముట్ల పెట్టె, ఇంజెక్షన్ మోల్డింగ్, నలుపు రంగు. మూడు భాగాలు: బాడీ 620 గ్రాములు, మూత 280, లోపలి ట్రే 100. గోడ మందం 2.5 మి.మీ. మూతకి లాచ్ అదే మెటీరియల్‌తో పోస్తాం, అది వంగి బిగుసుకోవాలి. వర్జిన్ (కొత్త) పీపీ కోపాలిమర్, ఎంఎఫ్‌ఐ (కరిగినప్పుడు ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకె) 12. మూడు భాగాల్లోనూ జనం వాడి పారేసిన సరుకు నుంచి చేసిన రీసైకిల్డ్ గ్రాన్యూల్స్ 30 శాతం కలుపుతున్నాం. బ్యారెల్ 230–240 డిగ్రీలు, బాడీకి హాట్ రన్నర్ (ప్లాస్టిక్‌ని కరిగిన స్థితిలోనే అచ్చులోకి తీసుకెళ్లే దారి).

మొదటి లాట్ బాగానే నడిచింది. రెండోదానికి అచ్చు రెండు సగాలు కలిసే పార్టింగ్ లైన్ దగ్గర ఫ్లాష్ (బయటికి కారిన పలచటి రేకు), గేటు (ప్లాస్టిక్ అచ్చులోకి వెళ్లే కన్నం) నుంచి వెండి చారలు. మూడోదానికి ఒక గేటు రెండుసార్లు మూసుకుపోయింది, డ్రాప్ టెస్ట్‌లో బాడీ వెల్డ్ లైన్ (రెండు ప్రవాహాలు కలిసిన గీత) మీద పగిలింది. సప్లయర్ సర్టిఫికెట్‌లో "ఎంఎఫ్‌ఐ 10–30" తప్ప ఏమీ లేదు. ఇక కస్టమర్ 50 శాతం అడుగుతున్నాడు. మెషీన్ సెట్టింగ్‌తో సర్దుకునేదేనా? గ్రాన్యూల్స్ ఆరబెట్టాలా? 50కి వెళ్లొచ్చా?

గ్రాన్యూల్_క్యూసీ:
లాట్ మారినప్పుడల్లా సెట్టింగ్ మారుస్తూ పోతే ఆ పనికి అంతుండదు. అసలు చిక్కు ఆ "10–30"లోనే ఉంది. ఒకే జాతి పాలిమర్ రెండు గ్రేడ్లు కలిపినప్పుడు మిశ్రమం ఎంఎఫ్‌ఐ సుమారుగా లాగరిథమ్ లెక్కలో వస్తుంది: ఒక్కోదాని ఎంఎఫ్‌ఐకి లాగ్ తీసి, దాని వాటాతో గుణించి, కూడి, యాంటీలాగ్ తీయండి. మీ 12 వర్జిన్‌లో 30 శాతం కలిపితే, లాట్ 10 అయితే మిశ్రమం 11.4, లాట్ 30 అయితే 15.8. అదే 50 శాతమైతే 11 నుంచి 19 దాకా ఊగుతుంది. 11కి సరిపోయిన హోల్డింగ్ ప్రెషర్ (అచ్చు నిండాక పట్టి ఉంచే ఒత్తిడి) 19కి ఫ్లాష్ తెస్తుంది. కాబట్టి శాతం పెంచే ముందు సప్లయర్ పరిధిని కుదించాలి: 230 డిగ్రీలు, 2.16 కిలోల బరువు దగ్గర కొలిచి, ఒప్పుకున్న అంకెకు అటూ ఇటూ 3 మించకూడదని రాయించండి. "అన్ని లాట్లూ అలా రావు" అంటారు. నిజమే, రావు. కానీ నాలుగు లాట్లు సమానంగా బ్లెండ్ చేసి పంపితే ఊగిసలాట దాదాపు సగానికి తగ్గుతుంది. పెద్ద బ్లెండర్ లేదా సైలో ఉన్న సప్లయర్‌ని ఎంచుకోవడానికి ఇదొక్కటే చాలు.

ఎంఎఫ్‌ఐ ఒక్కటి చూసి లాట్ ఒప్పుకోకండి. పీపీ వేడికి తెగి పలచబడుతుంది, ఎంఎఫ్‌ఐ పెరుగుతుంది. అందులో ఎంఎఫ్‌ఐ తక్కువున్న హెచ్‌డీపీఈ (పీఈ, అంటే పాలీఇథిలిన్‌లో ఒక రకం) కలిసిందనుకోండి, ఆ అంకె కిందికి దిగుతుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసి సర్టిఫికెట్ మీద చక్కటి అంకె కనబడుతుంది. అందుకే డీఎస్‌సీ (నమూనాని వేడిచేస్తూ ఏది ఎక్కడ కరుగుతుందో గ్రాఫ్‌లో చూపే పరీక్ష) కావాలి. పీపీ 160–165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 120–130 మధ్య ఇంకో శిఖరం కనిపిస్తే అది పీఈ. ఎంతుందో తేల్చాలంటే 5, 10 శాతం పీఈ కలిపిన నమూనాలు మీరే చేయించి, ఆ శిఖరాల వైశాల్యంతో పోల్చండి. దీనికి తోడు బూడిద పరీక్ష: 600 డిగ్రీల దగ్గర కాల్చగా మిగిలినదే టాల్క్, సున్నపురాయి పొడి లాంటి ఫిల్లర్. అది లాట్ లాట్‌కీ మారితే, చల్లారేటప్పుడు భాగం కుదించుకుపోయే మేర మారి మూత బాడీకి సరిగా కూర్చోదు. మీ పెట్టెకైతే పీఈ 5 శాతం, బూడిద 2 శాతం మించిన లాట్ నేను ఒప్పుకోను.

ప్రతి లాట్ నుంచీ 2 కిలోలు తీసి, నంబర్ వేసి దాచండి. గొడవ వచ్చినప్పుడు ఆ సంచే సాక్ష్యం.

టూల్‌రూమ్_బెంచ్:
వెండి చారల సంగతి. పీపీ తేమ పీల్చదు కాబట్టి ఆరబెట్టనక్కర్లేదని చాలామంది అంటారు. వర్జిన్‌కి అది సరే. రీసైకిల్డ్‌లో కాగితపు పీచు, ఫిల్లర్, నీళ్లలో చల్లార్చినప్పుడు గుళిక లోపల మిగిలిన బొక్కలు ఉంటాయి, నీళ్లు అక్కడ దాక్కుంటాయి. ఒక హాపర్ సరుకు 80 డిగ్రీల దగ్గర 2–3 గంటలు ఆరబెట్టి నడపండి. చారలు పోతే అది నీరే. పోకపోతే మెల్ట్ ఉష్ణోగ్రత 15–20 డిగ్రీలు దించి చూడండి. తగ్గితే మెటీరియల్ వేడికి విరిగి ఆవిరి వదులుతోందని అర్థం. అప్పటికీ ఉంటే డీకంప్రెషన్ (స్క్రూని కొంచెం వెనక్కి లాగడం) ఎక్కువై గాలి లాగుతోందేమో చూసుకోండి. ఈ వరుసలోనే, ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడూ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

గేటు మూసుకుపోయేది కరగని ముక్కల వల్ల: అల్యూమినియం ఫాయిల్, కర్ర, రబ్బరు, నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్ ముక్క (దానికి 250 డిగ్రీలు దాటాలి, మీ బ్యారెల్‌లో కరగదు). సప్లయర్ ఏ మెష్ (కరిగిన ప్లాస్టిక్‌ని వడకట్టే జల్లెడ) వాడుతున్నారో అడగండి. 120 మెష్ అంటే కన్నం సుమారు 125 మైక్రాన్లు. మెష్ చిరిగినా మార్చకుండా నడిపితే ఆ అంకెకు విలువ లేదు, కాబట్టి ఒక్కో స్క్రీన్ ఎన్ని గంటలు వాడతారో కూడా అడగండి. మీ వైపు హాపర్‌లో మాగ్నెట్, నాజిల్‌లో ఫిల్టర్. ఫిల్టర్ పెట్టాక ప్రెషర్ కొంత పెరుగుతుంది. ఆ పెరుగుదల రోజూ రాసుకుంటే ఎప్పుడు శుభ్రం చేయాలో అదే చెబుతుంది.

కాంపౌండర్_7:
పైన చెప్పినట్టు ఉష్ణోగ్రత దించితే చారలు తగ్గుతాయి గానీ వెల్డ్ లైన్ ఇంకా బలహీనపడుతుంది, మీకు పగిలిందే అక్కడ. దించిన మేరకు మోల్డ్‌ని వేడి చేయండి, 30 డిగ్రీలుంటే 45–50కి. వెల్డ్ లైన్ చివర గాలి పోయే వెంట్లు చూడండి. పీపీకి 0.02–0.03 మి.మీ. లోతు ఉంటుంది, రీసైకిల్డ్ వదిలే మైనం లాంటి పూత వాటిని మూసేస్తుంది. వర్జిన్‌కి నెలకోసారి తుడిచే మోల్డ్‌ని దీనికి ప్రతి వారం తుడవాల్సి రావచ్చు.

పీపీ, పీఈ ఒకదాంట్లో ఒకటి కలవవు. పీఈ చిన్న బొట్లుగా ఉండిపోతుంది, రెండు ప్రవాహాలు ఎదురైన చోట ఆ బొట్లు రేకుల్లా పరుచుకుంటాయి, పగులు ఆ రేకుల వెంటే పోతుంది. పాలియోలెఫిన్ ఎలాస్టమర్ (రబ్బరు లాంటి ప్లాస్టిక్) 3–5 శాతం కలిపితే దెబ్బ తట్టుకునే గుణం పెరుగుతుంది, గట్టితనం కొంచెం తగ్గుతుంది. కానీ వెల్డ్ లైన్‌ని పూర్తిగా బాగుచేయదు. దాన్ని సర్వరోగ నివారిణిలా అమ్ముతుంటారు. ముందు పీఈని తగ్గించండి. వేడికి విరగకుండా కాపాడే యాంటీఆక్సిడెంట్ అరిగిపోయిన మెటీరియల్‌కి ఫినాలిక్, ఫాస్ఫైట్ జత 0.1–0.3 శాతం మళ్లీ వేయాలి. అది సప్లయర్ ఎక్స్‌ట్రూడర్‌లోనే పడాలి, మీ హాపర్‌లో పొడి చల్లితే సమంగా కలవదు.

50 శాతం అడిగితే మూడు భాగాల్లోనూ 50 పోయాలని లేదు. లాచ్ ఉన్న మూతలో 15, బాడీలో 60, ట్రేలో 100 వేసుకోండి. 42 + 372 + 100 = 514 గ్రాములు, కిలో పెట్టెకి 51.4 శాతం. ట్రేని ఎవరూ కింద పడేసి పరీక్షించరు. బాడీని మాత్రం 40, 50, 60 అంటూ మెట్లు మెట్లుగా ఎక్కించి, ఒక్కో మెట్టులో కనీసం మూడు వేర్వేరు లాట్లతో, చలిలో ఉంచి డ్రాప్ టెస్ట్ చేయండి. గది వేడిలో గట్టిగా నిలిచిన పీపీ సున్నా డిగ్రీల దగ్గర గాజులా పగలొచ్చు.

పెట్టెల_మోల్డర్:
భాగాల వారీగా పంచుకోవచ్చని తోచలేదు. రన్నర్లు, రిజెక్ట్ ముక్కలు మేమే గ్రైండ్ చేసి మళ్లీ వాడుతున్నాం, 8 శాతం దాకా. అదీ ఆ 51లో కలుస్తుందా? డీఎస్‌సీ మా దగ్గర లేదు.

గ్రాన్యూల్_క్యూసీ:
కలవదు. ఐఎస్ఓ 14021 ప్రకారం అదే ప్రక్రియలో పుట్టి, అందులోకే తిరిగి పోయే గ్రైండింగ్ రీసైకిల్డ్ కింద లెక్కకు రాదు. లేబుల్ మీద "పెట్టె మొత్తం బరువులో" అని కూడా స్పష్టంగా రాయండి, లేకపోతే మూత ఒక్కటే తూచి తప్పు పట్టేవాళ్లుంటారు.

డీఎస్‌సీ లేకపోతే ప్రతి లాట్ బయట ల్యాబ్‌కి పంపండి. లోడ్ దింపేలోపు చూడ్డానికి నీళ్ల పరీక్ష ఉంది. వంద గుళికలు నీళ్లలో వేసి, ఒక చుక్క డిటర్జెంట్ కలిపి తిప్పండి, లేకపోతే మునగాల్సినవి కూడా తలతన్యత వల్ల తేలుతాయి. మునిగినవి ఫిల్లర్ ఎక్కువున్నవో, వేరే ప్లాస్టిక్కో. తేలినవన్నీ మంచివని మాత్రం అనుకోవద్దు: పీఈ కూడా తేలుతుంది, లోపల బొక్కలున్న గుళికా తేలుతుంది. నాలుగైదు గుళికలు బ్లేడుతో కోసి చూడండి.

టూల్‌రూమ్_బెంచ్:
నలుపు గురించి ఒక్క మాట. కార్బన్ బ్లాక్ వేసిన పెట్టె పాతబడి సార్టింగ్‌కి వెళ్తే ఎన్‌ఐఆర్ (నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతితో ప్లాస్టిక్ రకం గుర్తించే) మెషీన్‌కి కనపడదు. ఎన్‌ఐఆర్‌కి కనపడే నలుపు మాస్టర్‌బ్యాచ్‌లు (చిక్కటి రంగు గుళికలు) దొరుకుతాయి. కాకపోతే రీసైకిల్డ్ గ్రాన్యూల్స్‌లో ముందే కార్బన్ ఉంటే మీరు ఏది వేసినా లాభం లేదు, సప్లయర్‌తో ముందే తేల్చుకోండి.