చలికాలంలో బాతుల గూట్లో రాత్రి నీళ్లు ఉంచాలా, తీసేయాలా?

మాది పరకాల దగ్గర పల్లె. పెరట్లో ఆరు ఖాకీ క్యాంప్‌బెల్ బాతులున్నాయి. వీటికి ఇదే మొదటి చలికాలం. మా దగ్గర నీళ్లు గడ్డకట్టవు కానీ తెల్లారి టబ్బులో చెయ్యి పెడితే జివ్వుమంటుంది. బోరు నీళ్లు ఆ టైమ్‌కు గోరువెచ్చగా వస్తాయి కాబట్టి వాటితోనే నింపుతున్నా.

అసలు టెన్షన్ చలి కాదు, తడి. కళ్లు, ముక్కు కడుక్కోవాలంటే తల మునిగేంత లోతు కావాలి కదా. అవేమో నోట్లో మేతతోనే వచ్చి ముంచుతాయి, గంటలో టబ్బంతా కుడితి. రాత్రి గూట్లో గిన్నె పెడితే పొద్దున్నకల్లా కింద పరిచిన ఊక ముద్దముద్ద. రెండు రోజులకోసారి మార్చినా వాసన పోవట్లేదు. ఇప్పుడు ఒక బాతు కుంటుతోంది కూడా.

నీళ్లు లేకుండా మేత పెడితే గొంతులో అడ్డం పడుతుందని తెలుసు. అందుకే చీకటి పడ్డాక రెండూ తీసేసి, పొద్దున ఆరింటికి వదిలితే ఇబ్బందా? ఊక బదులు వరిగడ్డి వేద్దామంటే తడిస్తే బూజు పడుతుందని భయం. టబ్బు కింద కంకర, ఇసుక పోసి చూసినవాళ్లున్నారా? ఎంత మందంగా పోశారు?

మా అమ్మేమో "చెరువుల బతికేదానికి తడి ఏం జేస్తది" అని నవ్వుతోంది. ఆ కుంటేదాన్ని వేరుగా ఉంచాలా అన్నది కూడా చెప్పండి.