తలకు గాయమైన బాబుకు తలోచోట థెరపీలు: అందరూ ఒక బృందంగా పనిచేయాలంటే ఎలా?

ప్రశ్న (ఒక తల్లి, ఉప్పల్):
నమస్కారం. రోడ్డు ప్రమాదంలో మా ఎనిమిదేళ్ళ బాబు తలకు బలమైన గాయమైంది. ఇప్పుడు నడుస్తున్నాడు గాని, కుడి చెయ్యి బిగుసుకుపోతోంది, మాట కోసం తడుముకుంటున్నాడు, చిన్నదానికే కోపం తెచ్చుకుంటున్నాడు. ఫిజియోథెరపీ ఒకచోట, స్పీచ్ థెరపీ మరొకచోట చేయిస్తున్నాము. ఒకరు చెప్పింది మరొకరికి తెలియదు. సాయంత్రానికి బాబు అలసిపోయి దేనికీ సహకరించడు. వీరందరినీ ఒక్క తాటిమీదికి తేవడం ఎలాగో దయచేసి తెలుపగలరు.

జవాబు (ఆక్యుపేషనల్ థెరపిస్టు, సికింద్రాబాద్):
అమ్మా, ముందుగా పిల్లల న్యూరాలజిస్టునో, పునరావాస వైద్య నిపుణుణ్నో ఈ థెరపీలన్నిటికీ బాధ్యుడిగా ఉండమని అడగండి. ఆ తరువాత అందరికీ కలిపి ఒకే లక్ష్యం పెట్టుకోవాలి. ఉదాహరణకు, బాబు తన కుడి చేత్తో అన్నం కలుపుకొని తినడం అనుకుందాం. నడుము నిలబెట్టి కూర్చోవడం ఫిజియోథెరపిస్టు చూస్తారు. వేళ్ళు విప్పి ముద్ద చేయడం మేము నేర్పిస్తాము. ముద్ద సరిగా మింగుతున్నాడో లేదో గమనించడం, "ఇంకొంచెం పప్పు" అని అడిగించడం స్పీచ్ థెరపిస్టు పని. అలసట ఎక్కడ కోపంగా మారుతోందో సైకాలజిస్టు కనిపెడతారు. బిగుతు తగ్గడానికి బొటులినమ్ ఇంజెక్షన్ ఇస్తే దాని ప్రభావం దాదాపు మూడు నెలలే ఉంటుంది కనుక, ఆ సంగతి థెరపిస్టులకు వెంటనే తెలియకపోతే చేతికి పని నేర్పవలసిన విలువైన కాలం వృథా అవుతుంది.

జవాబు (ఒక తండ్రి, మల్కాజిగిరి):
మా పాప విషయంలో ఒక్క నోటుపుస్తకం ఎంతో ఉపకరించింది. ఆ రోజు ఏం చేయించారో, ఎంతసేపటికి అలసిందో ప్రతి థెరపిస్టూ అందులోనే రాసేవారు. బడిని కూడా బృందంలో చేర్చుకోండి, ఇది చాలా ముఖ్యం. నడక వచ్చింది కాబట్టి అంతా బాగైందని ఉపాధ్యాయులు అనుకుంటారు. కాని ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, పనిని వరుసగా చేసుకునే నేర్పు వంటి లోపాలు పై తరగతులలో పాఠాలు బరువెక్కినప్పుడు గాని బయటపడకపోవచ్చు. మొదట పూటబడితో మొదలుపెట్టి, ఒకసారికి ఒక్క పనే చెప్పమని కోరండి.

జవాబు (ప్రత్యేక ఉపాధ్యాయురాలు):
1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఉంది. దాన్ని చాలామంది ఇప్పటికీ పాత పేరుతో ఎన్.ఐ.ఎం.హెచ్. అనే అంటారు. అది ప్రధానంగా మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఏర్పడిన సంస్థ కనుక, బాబు చదువు, ఆలోచన వెనకబడుతున్నట్లు తోస్తే అక్కడ పరీక్ష చేయించండి. వైద్య ఖర్చులకు లక్ష రూపాయల వరకు వర్తించే నిరామయ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా మాత్రం ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలలో ఏదో ఒకటి వైకల్య ధ్రువపత్రంలో ఉన్నవారికే దక్కుతుంది కాబట్టి, ఆ పత్రంలో ఏ వైకల్యం రాశారో జాగ్రత్తగా చూసుకోండి.